మగ్గాల షెడ్డు అనే ఫోల్డరు

సంఘం గది,
మిల్లు వెనక వీధి.

చెల్లాయ్,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీసి, మళ్ళీ సొరుగులో పెట్టేసి, కిటికీ అద్దాలు తుడిచాను. అవి శుభ్రంగానే ఉన్నాయి. నాకు ఫలానా పని చేతకాలేదని నీ ముందు ఒప్పుకోవడం కంటే వాటిని అరగదీయడమే సులువనిపించింది. కానీ ఇక్కడ పోతున్న పరువు నా ఒక్కడిదే అయితే ఊరుకునేవాణ్ణి. కాదు కాబట్టి రాస్తున్నాను.

ఫోనులో అక్షరాలు కొట్టి పంపొచ్చు కదా అంటావు. అది నాలుగు ముక్కల్లో తేల్చమంటుంది. నాలుగు ముక్కల్లో తేలే మాట ఈయన నోట ఎన్నడూ రాలేదని మీ వదిన ఉన్నన్నాళ్ళూ అనేది. ఆవిడ మాట నిలబెట్టడం నా ధర్మం.

సంగతేమిటంటే, మిల్లు మీద మనవాళ్ళు పెట్టిన ఫిర్యాదు చివరికి విచారణకు వచ్చింది. మగ్గాల షెడ్డులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరి వాంగ్మూలం వాళ్ళు రాసివ్వాలి. సగంమందికి రాయడం రాదు, మిగతా సగానికి ఓపిక లేదు. వాళ్ళు చెబుతారు, నేను సంఘం గదిలోని కంప్యూటరులో కొడతాను. ఎందుకు నువ్వే అని అడగకు. ఆ షెడ్డులో మగ్గాలు బాగుచేసిన మిస్త్రీని. ఏ మగ్గం ఎలా కూసేదో, దాని ముందు ఎవరు నిలబడ్డారో నాకు తెలిసినంత మిల్లు యజమానికీ తెలియదు. పైగా గది తాళం నా దగ్గరే ఉంది.

కంప్యూటరంటే ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న డబ్బా. మీట నొక్కితే తుమ్మబోయే ముసలాడిలా కాసేపు ముక్కుతుంది. ఇదిగో తుమ్మబోతోంది అనుకునేసరికి తెర వెలుగుతుంది. దానికి కొత్తగా ప్రాణం పోసిన రిపేరు మనిషి, ఇందులో వేసింది లినక్సు అనే సాఫ్టువేరు, ఊరికే దొరుకుతుంది అన్నాడు. ఊరికే దొరికినదాంట్లో ఏం మతలబు ఉందో అప్పుడే అడగాల్సింది.

అందులో ఫైళ్ళు చూపించే ఫైల్ మేనేజరు ఉంది కదా, అక్కడ ‘మగ్గాల షెడ్డు’ అని ఫోల్డరు చేశాను. మనిషికో ఫైలు. కొట్టడం అయ్యాక ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదువుతాను. వాళ్ళు నా పెదాలు చూస్తారు. ‘అవును, నేనన్నది అదే’ అన్నాక, సరిచూసినట్టు నా మామూలు గుర్తు పెట్టి, ఫైలు మూసేసి, ఇంటికి పోతాను. మర్నాడు చూస్తే ఆ ఫైలు ఉండదు.

నవ్వకు. సగంలో ఆగినవి ఉంటాయి. తప్పుల తడకలు ఉంటాయి. మోచెయ్యి ఆనించినందుకు పుట్టిన ‘కకకకక’ అనే ఫైలు ఒకటి రాయిలా కూర్చుని ఉంది. పూర్తి చేసి, సరిచూసి, హమ్మయ్య అనుకున్నవే పోతున్నాయి! దొంగ వచ్చాడనుకుందామంటే వీడెవడో మంచి అభిరుచి ఉన్న దొంగ.

మన కార్యదర్శి వచ్చి చూశాడు. మర్యాదస్తుడు, అదే ఆయనతో చిక్కు.

“పెద్దాయనా, అసలు కొట్టారా?” అన్నాడు.

“కొట్టకుండా వేళ్ళు ఎందుకు వాచాయనుకున్నావు?”

“కాదండీ, కొట్టాననుకుని ఉంటారు. మా నాన్నగారు కూడా చివర్లో ఇలాగే, అన్నం తిన్నాక మళ్ళీ అడిగేవారు.”

చూశావా? తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. జాలిపడేవాణ్ణి ఏం చేస్తాం?

నీకు ఈ డబ్బాలతోనే కదా రోజూ పని. విరుగుడు చెప్పు. ఇంకో మాట. ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువకాలం నిలబడినవాళ్ళలో నువ్వొకతెవు. అందరి మాటా వచ్చింది, నీది రాలేదు. ఎప్పుడు పంపుతావు?

నీ అన్నయ్య.

---

జిరాక్సు కొట్టు,
బస్టాండు ఎదుటి సందు.

అన్నయ్యా,

నీ ఉత్తరంలో కిటికీ గురించి ఉన్నంత కంప్యూటరు గురించి లేదు. అయినా దొరికిన ముక్కలు ఏరుకున్నాను.

ముందు ఒక మాట. నీ మతి పోయిందని నేను అనుకోవడం లేదు. పోవాలంటే అది ముందు ఒకచోట కుదురుగా ఉండాలి. చిన్నప్పటి నుంచీ అది వీధులెంట తిరుగుతూనే ఉంది, ఎప్పుడూ ఇంటికి చేరుతూనే ఉంది.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. నీ తెలివి కలపకు. తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది, తెరిచి చూడు. పొరపాటున చెరిపేసినవి అందులో ఉంటాయి. లేకపోతే పక్క ఫోల్డర్లన్నీ తెరిచి చూడు. నువ్వు మౌసు పట్టుకుంటే స్పానరు పట్టుకున్నట్టే ఉంటుందని నాకు తెలుసు. నొక్కిన వేలు వదలకుండా లాగితే ఫైలు పక్కింట్లోకి పోతుంది. మా కొట్టుకు వచ్చేవాళ్ళలో చాలామంది ఇలాగే పోగొట్టుకుంటారు. పోగొట్టుకుని మా మీద అరుస్తారు. అరిచినట్టు మొహం చూస్తే తెలుస్తుంది, నాకు అంతే నష్టం.

అక్కడా లేకపోతే, పోయిన వాటిలో ఒకదాన్ని మళ్ళీ కొట్టు. ఇంతకు ముందు ఎలా చేశావో అచ్చం అలాగే, అదే పేరు, అవే పనులు. అప్పుడు యంత్రం ఏమంటుందో నాకు రాయి. నువ్వు దానితో ఏమన్నావో వద్దు.

మిగతా సంగతి తర్వాత. కొట్టులో పని ఎక్కువగా ఉంది.

చెల్లి.

---

సంఘం గది.

చెల్లాయ్,

చెత్తబుట్టలో చూశాను. చెత్త ఉంది. పక్క ఫోల్డర్లూ చూశాను. ఎవరివో పెళ్ళి ఫోటోలు ఉన్నాయి, ఆ పాత ఆఫీసులో ఎవరో మర్చిపోయినవి. పెళ్ళికొడుకు మొహం చూస్తే వాడికీ ఏదో ఫైలు పోయినట్టుంది. మనవి మాత్రం లేవు.

స్పానరు అన్నావు. స్పానరు పట్టడం తెలిసినవాడు మౌసు వదులుగానే పడతాడు. బిగించి పట్టేది కొత్తవాడు. ఇది ఇంతటితో ఆపుతాను, నీకు పని ఎక్కువగా ఉందన్నావు.

పొడుగమ్మను మళ్ళీ పిలిచాను. జ్ఞాపకం ఉందిగా, తలుపులోంచి వంగి వచ్చేది, నీ మగ్గం పక్క మగ్గం. వస్తూనే, “ఏం మిస్త్రీ, నా మాట నువ్వు తిన్నావా, నీ డబ్బా తిన్నదా?” అంది. కూర్చుని మళ్ళీ చెప్పింది. మొదటిసారి చెప్పని ముక్క ఒకటి ఈసారి వచ్చింది. “వంటింట్లో గిన్నె కిందపడితే నాకు తెలీదు. పిల్లి పరుగెత్తడం చూసి, ఓహో ఏదో పడింది అనుకుంటాను. మా ఇంట్లో నా చెవులు పిల్లివి” అంది. చెప్పి తనే నవ్వింది. అన్నది అన్నట్టే కొట్టాను. ఆ షెడ్డులో ఉన్నవాణ్ణే నేనూ. నాకు సగం చెవైనా మిగిలింది, ఎందుకంటే మిస్త్రీ మగ్గం ఆపి పనిచేస్తాడు.

అచ్చం మునుపటిలాగే అన్నీ చేశాను. చివర్న పేరు పెట్టి మీట నొక్కేసరికి చిన్న పెట్టె ఒకటి తెర మధ్యకు వచ్చి నిలబడింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది.’

ఉందట! లేదని ఇన్నాళ్ళూ మొహం చాటేసిన యంత్రం, అదే పేరు మళ్ళీ పెడితే ఉందంటోంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కోర్టులో సాక్షి ఎదురు తిరిగితే వకీలు ఇలాగే లేస్తాడేమో. కార్యదర్శిని లాక్కొచ్చి చూపించాను.

“చూడు, కొట్టానని అదే ఒప్పుకుంటోంది.”

“ఉంటే చూపించండి మరి.”

“ఉందని అంటుంటే!”

“అంటే చాలదండీ. విచారణ అధికారికి ఫైలు ఇవ్వాలి, పెట్టె కాదు.”

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి, ముందే చెప్పాల్సింది. కమిటీ కూర్చుంది. ఈ పని నా దగ్గర్నుంచి తీసి మన వకీలు గుమాస్తాకు ఇద్దామంటున్నారు. అతనికి మనిషికో వాంగ్మూలం అక్కర్లేదట. అందరికీ కలిపి ఒకే కాగితం, కింద వరసగా సంతకాలు. నమూనా నాకు చూపించాడు. ‘మేమందరము మిల్లునందు పనిచేసిన కారణమున వినికిడి లోపమునకు గురియైతిమి.’ గురియైతిమి! పొడుగమ్మ జన్మలో ఎప్పుడైనా గురియైతిమి అన్నదా? ఆ కాగితంలో పిల్లి ఎక్కడ పడుతుంది?

మిల్లువాళ్ళకు కావలసిందీ అదే. ఒకే కాగితమైతే ఒకే మాటతో కొట్టిపారేయొచ్చు. ఇంతమంది ఇన్ని రకాలుగా చెబితే ఒక్కొక్కరికీ సమాధానం చెప్పుకోవాలి.

ఈలోగా ఫైళ్ళు కనబడకపోతే తాళం ఇచ్చేయమన్నారు. ఇవ్వనన్నాను. “పెద్దాయనా, పంతం ఎందుకు?” అన్నాడు కార్యదర్శి. పంతం కాదు, తాళం అన్నాను. జేబులో వేసుకుని వచ్చేశాను. ఇప్పుడు పడుకున్నా అది జేబులోనే ఉంటోంది, గుచ్చుకుంటోంది కూడా.

నీ వాంగ్మూలం గురించి నువ్వు ఒక్క అక్షరం రాయలేదు. చూశాను.

అన్నయ్య.

---

జిరాక్సు కొట్టు.

అన్నయ్యా,

నీ ఉత్తరం బల్ల కింద పెట్టుకుని చదివాను. ‘ఉందంటోంది’ అన్న దగ్గర ఆగిపోయాను. లేనిదాన్ని ఉందని యంత్రం అబద్ధం ఆడదు. కనబడనిది లేనట్టు కాదు. ఆ రెండింటికీ మధ్య ఏముంటుందా అని ఆలోచిస్తూ ఎవరి పాస్‌పోర్టునో తలకిందులుగా జిరాక్సు తీశాను.

అప్పుడు నీ మొదటి ఉత్తరంలో ‘నా మామూలు గుర్తు’ అన్న మాట తట్టింది.

ఒరే అన్నయ్యా! నీ మామూలు గుర్తు ఏమిటో నాకంటే ఎవరికి తెలుసు? మగ్గం బాగుచేశాక దాని ఎడమ కాలి మీద సుద్దతో చుక్క పెట్టేవాడివి. చుక్క ఉంటే, ‘మిస్త్రీ చూశాడు, ఇంక ఎవరూ వేలు పెట్టొద్దు’ అని అర్థం. చుక్క లేని మగ్గం దగ్గరికి మేం పోయేవాళ్ళం కాదు. నిజం చెప్పు. సరిచూసిన ఫైలు పేరు ముందు చుక్క పెడుతున్నావు కదూ?

పెట్టే ఉంటావు. రాసేటప్పుడు నాకు చెప్పలేదెందుకంటే అది నీ లెక్కలో పేరులో భాగం కాదు. కానీ యంత్రానికి భాగమే. నువ్వు వాడుతున్న లినక్సులో పేరు చుక్కతో మొదలైతే, అది యంత్రం తన సొంత అవసరానికి పెట్టుకున్న ఫైలు అని లెక్క. మనుషులు కెలక్కుండా దాన్ని చూపించడం మానేస్తుంది. అంతే, చెరపదు. నువ్వు చుక్క పెట్టింది ఎవరూ వేలు పెట్టకూడదనే కదా, అదీ అలాగే అనుకుంది. ఇంత బాగా నీ మాట విన్నది నీ జన్మలో ఇదొక్కటే.

ఇప్పుడు ‘మగ్గాల షెడ్డు’ ఫోల్డరు తెరువు. కీబోర్డులో కంట్రోల్ అని ఉన్నది నొక్కిపట్టి, ఇంగ్లీషు హెచ్ కొట్టు. దాచినవన్నీ బయటికొస్తాయి. ముందే కార్యదర్శిని పిలవకు. ఒకసారి నువ్వు చూసుకో. తర్వాత పిలువు.

ఇక రెండోది. నా పేరు అందులో వద్దు.

ఇక్కడ మా యజమానికి నాకు వినబడదని తెలియదు. షెడ్డులో నేర్చిన విద్యే నాకు అన్నం పెడుతోంది. ఎదుటివాడి పెదాలు చూసి సమాధానం చెబుతాను. కౌంటరుకు వీపు పెట్టి కూర్చోను. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే పలకను. పనిలో పడితే ఈవిడకు లోకం తెలియదని అందరూ అనుకుంటున్నారు, మెచ్చుకుంటున్నారు కూడా. నేను చెవిటిదాన్నని ఒకసారి కాగితం మీదికి ఎక్కితే, అది ఇక్కడిదాకా నడిచొస్తుంది. ఆ తర్వాత నాకు పని ఉండదు. ఉన్నా, చెవిలో నోరు పెట్టి కేకలేస్తారు. కేక వేస్తే పెదాలు వంకర పోతాయి, అప్పుడు నిజంగానే ఏమీ అర్థం కాదు.

నన్ను అడగకు.

చెల్లి.

---

సంఘం గది.

చెల్లాయ్,

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే విన్నాను గానీ, ఆ పిల్లకు చుక్క పెట్టి మరీ దాచినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కంట్రోలు పట్టుకున్నాను. హెచ్ కొట్టాను. పాల మీద మీగడ తేలినట్టు అందరూ పైకి తేలారు. కాస్త వెలిసిపోయినట్టున్నారు, అయినా అందరూ ఉన్నారు. పొడుగమ్మ, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెతో వేలు తెగిన అక్క, ఎప్పుడూ ఆవలించే ఆయన, మగ్గం పక్కనే నిలబడి నిద్రపోగలిగిన కవలలు. వాళ్ళతో పాటు నేను పెట్టని ఫైళ్ళు కూడా నాలుగైదు చుక్కలతో బయటపడ్డాయి. అవి యంత్రం సొంతం కాబోలు. వాటి జోలికి పోలేదు. ఎవరి చుక్క వాళ్ళది.

నువ్వు వద్దన్నావు కాబట్టి ముందు ఒక్కణ్ణే చూసుకున్నాను. తర్వాత కార్యదర్శిని పిలిచాను. ఆయన ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

“ఇవన్నీ కొట్టారా!” అన్నాడు.

“లేదు, అన్నం తిన్నాక మళ్ళీ అడిగాను.”

పాపం, చెవులు ఎర్రబడ్డాయి. “సరే, ఇంక ఆ చుక్కలు తీసేసి మామూలు పేర్లు పెట్టండి” అన్నాడు.

“తియ్యను. చూశానని చెప్పే గుర్తు అది. దాచినవి ఎప్పుడూ కనబడేలా యంత్రాన్నే సర్దాను. చుక్క నాది, సర్దుకోవలసింది అది.”

“అధికారికి ఇచ్చేటప్పుడు?”

“కాగితం మీద అచ్చువేసి ఇస్తాం. కాగితానికి ఏదీ దాచడం తెలియదు.”

తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. మనిషికో వాంగ్మూలం అన్నది నిలబడింది. ఇక్కడితో ఉత్తరం ఆపితే బాగుండేది. కానీ మిల్లువాళ్ళ జవాబు వచ్చింది.

వాళ్ళు ఏం రాశారో చూడు. ‘పనిలో ఉన్న కాలంలో వినబడడం లేదని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. పైగా షెడ్డులో వీళ్ళు పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునేవారని, నవ్వుకునేవారని మా సూపర్‌వైజర్లు సాక్ష్యం ఇస్తారు. వినబడనివాళ్ళు కబుర్లెలా చెప్పుకుంటారు?’

గుమాస్తా అది చదివి, దీనికి సమాధానం లేదండీ, రాజీకి పోదాం అన్నాడు. నేను అన్ని వాంగ్మూలాలూ తిరగేశాను. ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఊపిరి ఎలా పీల్చుకుంటావని అడిగితే ఎవరు చెప్పగలరు? నువ్వు చెప్పగలవు. ఆ విద్యతో ఇప్పటికీ బతుకుతున్నదానివి కాబట్టి.

నన్ను అడగకు అన్నావు. అడగడం లేదు. నీ తరఫున నేను కొట్టనూ కొట్టను. నీ మాట నువ్వు చెబితే నీది, నేను చెబితే అదీ గురియైతిమే. నీ ఉద్యోగం ముఖ్యం కాదని అనడానికి నేనెవణ్ణి? ఖాళీ ఫైలు ఒకటి నీ పేరుతో ఉంది. చుక్క పెట్టలేదు. అంతే.

అన్నయ్య.

---

జిరాక్సు కొట్టు.

అన్నయ్యా,

అడగనని పేజీన్నర అడిగావు.

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఆ కోపం నీ మీద కాదని తెలిసింది. పొద్దస్తమానం నవ్వుకునేవారట! ఎవరు చూసి చెప్పారది? షెడ్డు తలుపు దగ్గర చెవుల్లో దూది పెట్టుకుని నిలబడేవాడే కదా?

నిన్న కొట్టు మూసేముందు మా యజమాని ఎదురుగా కూర్చున్నాను.

“అయ్యా, నాకు వినబడదు” అన్నాను.

“ఏంటీ?” అన్నాడు. వినబడదన్నది నేనైతే, ఏంటీ అన్నది ఆయన.

మళ్ళీ చెప్పాను. ఎప్పటినుంచి అని అడిగాడు. ఇక్కడ చేరకముందు నుంచి అన్నాను. నమ్మలేదు. లేచి వెనక్కి పోయి ఏదో అన్నాడు కాబోలు, తిరిగొచ్చి నా మొహం చూశాడు. ఆ తర్వాత చాలాసేపు స్టేప్లరు విప్పి బిగించాడు. చివరికి, “ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశావన్నమాట” అన్నాడు.

“ఇన్నాళ్ళలో ఒక్క కాగితం తప్పు తీశానా?” అన్నాను. పాస్‌పోర్టు సంగతి ఆయనకు తెలియదు.

“ఫోను ఎవరు ఎత్తుతారు?”

“ఇప్పటిదాకా ఎవరు ఎత్తారో వాళ్ళే. మీరే.”

రేపు చెబుతానన్నాడు. ఇవాళ వచ్చాను, ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు, నా కుర్చీలో కూర్చున్నాను. లేవమంటే అప్పుడు చూద్దాం. లేపేవరకూ లేవను.

కింద ఉన్నది నా వాంగ్మూలం. ఒక్క అక్షరం మార్చకు. కామాలు కూడా నావే.

‘నేను మగ్గాల షెడ్డులో చేరిన మొదటి వారం ఇంటికి పోతే చెవుల్లో ఈగలు తిరిగినట్టుండేది. పెద్దవాళ్ళు అదేం లేదు, అలవాటవుతుంది అన్నారు. అయింది. మగ్గాలు నడుస్తుంటే కేకవేసినా వినబడదు కాబట్టి అక్కడ ఎవరమూ గొంతుతో మాట్లాడం. పెదాలు పెద్దగా కదిపి, వేళ్ళతో చూపించి మాట్లాడుకుంటాం. రెండు వరసల అవతల ఉన్న మనిషితో కూడా పెళ్ళి సంబంధం మాట్లాడొచ్చు. సూపర్‌వైజరు చూసి, కబుర్లు అన్నాడు. అవును, కబుర్లే. అందులో చప్పుడు లేదు. రోజంతా చెవితో పనిలేకుండా బతికాం, అందుకే అది ఎప్పుడు పోయిందో మాకే తెలియలేదు. ఇంటికి పోయి కూడా పిల్లల పెదాలే చూసేదాన్ని. పాప చీకట్లో ఏడుస్తున్నా నాకు తెలియడం లేదని ఒకరోజు పొరుగావిడ వచ్చి చెప్పింది. ఆ రోజు తెలిసింది. ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడుగుతున్నారు. చెవిటిదని తెలిస్తే మగ్గం మీద నుంచి తీసేస్తారు. తీసేసినవాళ్ళను చూశాం. ఇప్పుడు చేస్తున్నాను.’

విచారణకు నేనే వస్తాను. నాతో మాట్లాడేవాళ్ళు నా మొహం చూసి మాట్లాడాలని ముందే చెప్పు. కేకలు వేయొద్దని కూడా.

చెల్లి.

---

సంఘం గది.

చెల్లాయ్,

నిన్ను బస్సు ఎక్కించేటప్పుడు నేను ఏదో చెప్పబోయి ఊరుకున్నానన్నావు కదా, ఇదే. బస్సు కిటికీ దగ్గర అంత సేపు పెదాలు ఆడించే ఓపిక నాకు లేదు. నీ ముందు జరిగింది నీకు తెలుసు. నీ వెనక జరిగింది రాస్తున్నాను.

నువ్వు అధికారి ఎదుట నిలబడి నీ కాగితం చదువుతున్నావు. పెద్దగానే చదివావు, గోడలు కూడా విన్నాయి. సూపర్‌వైజరు కబుర్లన్న దగ్గరికి వచ్చేసరికి మిల్లు వకీలు తన కుర్చీలోంచి లేచాడు. చెప్పుల చప్పుడు కాకుండా నడిచి సరిగ్గా నీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఏం చేస్తాడా అని అందరం చూస్తున్నాం.

“అమ్మా, మీ సంచీ కిందపడింది, డబ్బులు దొర్లిపోతున్నాయి” అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు, మర్యాదగా. గదిలో ప్రతివాడూ నేల చూశాడు. నేనూ చూశాను, తెలిసి కూడా. కార్యదర్శి అయితే వంగాడు. నేల మీద ఏమీ లేదు. పొడుగమ్మ ఒక్కతే నేల చూడలేదు, మేమందరం ఎందుకు వంగామా అని మమ్మల్ని చూసింది.

నువ్వు చదువుతూనే ఉన్నావు. ‘రోజంతా చెవితో పనిలేకుండా బతికాం’ అన్నావు, సరిగ్గా అప్పుడే.

అధికారి కలం ఎత్తి, “వకీలుగారూ, మీరిప్పుడు అన్నది మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను” అన్నాడు. ఆయన, అబ్బే, ఏం లేదండీ అన్నాడు. “కాదు, చెప్పండి. సాక్షి వినలేదు, మిగతా అందరూ విన్నారు. ఇది రికార్డులో ఉండాలి” అన్నాడు అధికారి. అప్పుడు వకీలు నీ వెనక నిలబడే సంచీ సంగతి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అధికారి అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. నువ్వు చదవడం ముగించి తలెత్తేసరికి అందరూ నిన్నే చూస్తున్నారు కదా, ఎందుకో తెలియక ‘ఏం?’ అన్నావు. అందుకు.

నీకు అప్పుడే చెప్పి ఉంటే వెనక్కి తిరిగి ఏం చేసేదానివో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు.

తీర్పుకు ఇంకా సమయం పడుతుందన్నారు. పట్టనీ. వాంగ్మూలాలు మాత్రం విడివిడిగానే తీసుకున్నారు, ఎవరిది వాళ్ళకు చూపించి, ఎవరి సంతకం వాళ్ళతో పెట్టించి. పిల్లి కూడా రికార్డులోకి ఎక్కింది. మిల్లువాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరికీ సమాధానం రాసుకుంటున్నారట. రాసుకోనీ, చెయ్యి నొప్పి వాళ్ళకూ తెలియాలి.

మీ యజమాని ఏమన్నాడో రాయి. కుర్చీ ఇంకా నీదేనా?

నిన్న మన వకీలు గుమాస్తా సంఘం గదికి వచ్చాడు. వాంగ్మూలాలన్నీ ఒకసారి చదవాలన్నాడు. ఫోల్డరు తెరిచి చూపించాను. కూర్చున్నాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. నాది ఇచ్చాను.

అన్నయ్య.